మద్దిలేటి చూపు

మేనమామ సుంకన్న చేసిన పనిని ఉరుకుందు చచ్చేదాకా మరిచిపోడు. "పొలమంతా నోరులేని బిడ్డ పేరున రాయి బావా, దాన్ని చూసుకునేదెవరో వాడే తేలుస్తాడు" అని నాయనకు నూరిపోసింది ఆయనే.

మాటరాని, చేయి కదలని తమ్ముడు మద్దిలేటికి ఇరవైరెండేళ్లుగా ముద్దలు కలిపి పెట్టింది ఉరుకుందే. అన్ని ఇళ్లలో లాగే ఆ ఇంటి గోడకూ కంపెనీవారి సంరక్షణ యంత్రం ఉంది. మాత్రల వేళ చెప్పడం తప్ప అది చేసిందేమీ లేదు.

నాయన దినాలయ్యాక, పొలం చూసుకునేదెవరో తేల్చడానికి, మామ ఎదుట, యంత్రమే అడిగింది.

"మద్దిలేటీ, నీకు అన్నం పెట్టేదెవరు? వారి వైపు చూడు."

మద్దిలేటి అన్నను దాటి, యంత్రం మీది పచ్చదీపాన్ని చూసి, ముద్ద కోసం నోరు తెరిచాడు.

"రేయ్ మద్దిగా, నన్ను సూడ్రా!"

"ఇంగ అరిసి ఏం లాభంరా అల్లుడూ? వాడు తేల్చేసినాడు" అన్నాడు మామ.

ఉరుకుందు ఆ పచ్చదీపం వైపు తిరిగాడు. మారాం చేసే తమ్ముడికి "అదిగో, పచ్చదీపం సూడు" అంటూ ప్రతి ముద్దా పెట్టింది తనే.

ఆ పూటే పొలం కంపెనీ చేతికి పోయింది. బావితో కలిపి మూడెకరాల నలభైరెండు సెంట్లు.