పడిపోయే ఆట

అల్లుడు హాల్లో ఉతికిన బట్టలు మడతపెడుతూ మడతపెడుతూ, ఉన్నట్టుండి కూలబడి వెల్లకిలా పడ్డాడు.

“నాన్న పడిపోయాడోచ్!” అంటూ నాలుగేళ్ళ పిచుక చెంగున దూకింది. ముందు తండ్రి ముక్కు మీది కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. దిండు లాక్కొచ్చి తల కింద దోపింది. ఆపైన బుల్లి స్టూలు ఈడ్చుకెళ్ళి, ఎక్కి, వీధి తలుపు గడియ తీసి, “పక్కింటత్తా! రా, రా!” అని మెట్లు దద్దరిల్లేలా అరిచింది.

పక్కింటావిడ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. “శభాష్! నిన్నటికంటే తొందరగా పిలిచావే!” అని మెచ్చుకుంది. అంతసేపూ చచ్చినట్టు పడున్న అల్లుడు లేచి, కూతుర్ని వీపు మీద ఎక్కించుకుని గదంతా ఏనుగులా తిరిగాడు.

సోఫాలోంచి ఈ భాగోతం చూస్తున్న అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ దగ్గు వినిపిస్తే చాలు, వరండాలన్నీ గప్‌చుప్. అలాంటి మనిషికి దొరికిన అల్లుడు ఇదిగో, ఈ శాల్తీ. లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళోవాళ్ళందర్నీ పైకి పంపిస్తాడు గానీ, తను మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. పైగా ఆ కళ్ళజోడొకటి! అతని చూపుకి ఏ రోగమూ లేదు. ఈ తైతక్కల కోసం ఆవిడ పాత కళ్ళజోడు అడిగి మరీ పుచ్చుకున్నాడు.

“అల్లుడుగారూ, తమరికి సిగ్గనేది ఏమైనా మిగిలిందా?”

“చిన్నపిల్ల సరదా పడుతోంది కదా అత్తయ్యా.”

“సరదాకి వేరే ఆటలే కరువయ్యాయా? దాగుడుమూతలున్నాయి, బంతాట ఉంది. దుక్కలాంటి మనిషి రోజూ నట్టింట్లో శవంలా పడుకోవడం ఏం సరదా, అప్రాచ్యపు సరదా! ఆ పక్కింటావిడకి పనీపాటా లేదు సరే, తమరికీ లేదా?”

అల్లుడు నవ్వి మళ్ళీ బట్టలు అందుకున్నాడు. అనిపించుకుని కూడా పళ్ళికిలించే మగాణ్ణి ఆవిడ ఇతన్నే చూసింది.

అతని ఎత్తు ఆవిడకు తెలియంది కాదు. కూతురూ అల్లుడూ పనులకు పోతే పగలంతా పిచుకను చూసుకునేది తనే. దానికి అన్నం కలిపి పెట్టడం, జడ వెయ్యడం, దాని అంతులేని ప్రశ్నలకు జవాబులు చెప్పడం. ఆ పగళ్ళ కోసమే ఆవిడ బతుకుతోంది. ఆ పిల్లను తననుంచి లాక్కోవాలని చూస్తున్నాడీ ఘనుడు. కిందటి నెల ఆవిడ వంటింట్లో జారిపడింది, అదీ ఇతగాడు తుడిచిన నేల సరిగ్గా ఆరక! మోచెయ్యి కాస్త కమిలింది, అంతే. లేచి చూసేసరికి పిచుక ఏడ్చి ఏడ్చి పక్కనే నిద్రపోయి ఉంది. పిరికిది, అన్నీ తండ్రి పోలికలే. అప్పట్నుంచీ మొగుడూ పెళ్ళాలు డాక్టరు, డాక్టరు అని ఒకటే నస. “నిక్షేపంలా ఉన్నాను, నోరు మూసుకోండి” అని ఆ మాటను మొగ్గలోనే తుంచేసింది.

సాయంత్రం కూతురు చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. “సోమవారం నుంచి ఆయా వస్తుందమ్మా. నీకు తోడుగా ఉంటుంది.”

“నాకు తోడా? అంత హాస్టల్‌ని ఒంటిచేత్తో నడిపినదాన్ని, ఒక్క పిచుకను చూసుకోలేనుటే? ఇది నీ బుర్రలో పుట్టింది కాదు. నీ మొగుడు నూరిపోశాడు.”

“అది కాదమ్మా, నువ్వు ఆవేళ...”

అల్లుడు వద్దన్నట్టు తల ఊపాడు. ఆ సైగ అత్తగారి కంట పడనే పడింది. అత్త ముందు నోరు పెగలదు గానీ, పెళ్ళాం నోరు మాత్రం నొక్కగలడు, వెధవ!

“ఒకటే మాట చెబుతున్నా. ఆ ఆయా రాకూడదు. ఈ దిక్కుమాలిన ఆట ఆగాలి. కాదంటే రేపే నా పెట్టె సర్దుకుంటాను. ఆ తర్వాత పిల్ల బెంగపెట్టుకుందని నన్ను పిలవకండి.” చివరికొచ్చేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఆ బొంగురు విని ఆవిడకే ఒళ్ళు మండింది.

అల్లుడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. “మీరు వెళ్ళొద్దు అత్తయ్యా. ఆయాను వద్దని చెప్పేస్తాను. ఆట ఒక్కటీ ఉండనివ్వండి, మీకు దణ్ణం పెడతాను.”

“ఆటా వద్దు!”

అతను లోపలికి వెళ్ళిపోయాడు. కూతురు కళ్ళు తుడుచుకుంటూ వెనకే వెళ్ళింది. గట్టిగా కసిరితే చాలు, చల్లగా జారుకునే రకం. పౌరుషం లేని దద్దమ్మ! ఆవిడ పైట సర్దుకుని, గెలిచిన దర్జాతో సోఫాలో వెనక్కి వాలింది.

ఇంతలో పిచుక వెక్కుతూ వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

“ఆట మాన్పించకు అమ్మమ్మా. నేను బాగా నేర్చుకోవాలి. నాన్న చెప్పాడు.”

“ఏం నేర్చుకుంటావే, నేల మీద దొర్లడమా?” ఆవిడ మనవరాల్ని ఒళ్ళోకి లాక్కుంది. “కూర తరుగుతూ పడతాడు, బట్టలు మడతపెడుతూ పడతాడు, నీకు జడ వేస్తూ వేస్తూ పడతాడు! ఇంతకీ ఎవరి వేషమే అది? ఏ తాగుబోతుదీ?”

పిచుక ఏడుపు ఆపి, ఈ మాత్రం తెలీదా అన్నట్టు ఆవిడ మొహంలోకి చూసింది.

“నీదే, అమ్మమ్మా.”