ఖిల్లా ఆట గిరాకి

“ఆ ఖిల్లా ఆట నాకిచ్చెయ్, ఐలేశం. బదులుకు నా పెండ్లి పత్రికల గిరాకి మొత్తం నువ్వు తీసుకో.”

ఖాసిం మాట విని ఐలేశం చాయ్ గ్లాసు బల్లమీద పెట్టాడు. నల్గొండ బస్టాండు రోడ్డులో వీళ్లిద్దరి ప్రెస్సులూ ఎదురెదురుగా ఉంటాయి.

“సోయిలనే ఉన్నవా, భాయ్?” అన్నాడు ఐలేశం. గొంతు బాగా బొంగురుపోయి ఉంది. “ముందట మాఘమాసం. చిట్యాల దాక ఎవరింట్ల లగ్గమైనా పత్రికలకు నీ తానికే వస్తరు. గసుంటి గిరాకి ఎవడన్న ఇడుస్తడా?”

“నా ఫికర్ నీకెందుకు? ఇస్తవా, ఇయ్యవా?”

“రేపు పొద్దుగాల చెప్త.”

ఖాసిం లెక్క ఖాసింకుంది. పెళ్లివాళ్లు ఏడాదికి మూడు నాలుగు నెలలే వస్తారు. ఒకసారి వచ్చిన ఇంటివాళ్లు మళ్లీ పదేళ్లకు గాని గడప తొక్కరు. ఐలేశం కొట్టులో మాత్రం ఆరు నెలలుగా రోజూ సాయంత్రం తిరునాళ్లే. ఏదో కొత్త ఆట. ఒకడు పుస్తకం చూస్తూ కోట కథ చెబుతాడు. మిగతావాళ్లలో ఒకడు దొంగ, ఒకడు సిపాయి, ఒకడు నాటువైద్యుడు. ఏ గదిలోకి పోవాలో, ఎవరితో కొట్లాడాలో వాళ్లే చెప్పాలి. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. ఆ పుస్తకం అచ్చు వేసింది ఐలేశమే. వెల పదిహేను రూపాయలు.

ఇవతలి గడపలో నిలబడి ఖాసిం రోజూ తలలు లెక్కపెట్టేవాడు. ఒకరోజు ఇరవై. ఇంకోరోజు ముప్పై. మొన్న శనివారం నలభై మూడు. బయటికి వచ్చేటప్పుడు ప్రతివాడి చేతిలోనూ పుస్తకమే. నలభై మూడు పదిహేన్లు ఆరువందల నలభై అయిదు. ఒక్క పూటకు! ఆ లెక్క మీద ధ్యాసతో మొన్న ఒక పత్రికలో పెళ్లికూతురు పేరుండాల్సిన చోట పెళ్లికొడుకు పేరే మళ్లీ వేశాడు. పెళ్లివాళ్లు తిట్టిపోశారు. ఆ తిట్లూ ఐలేశం ఖాతాలోనే రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఖాసిం పెండ్లి పత్రికల మీద బొమ్మ అచ్చువేసే గణపతి బ్లాకులు మూట కడుతుంటే భార్య హలీమా తలుపుకు అడ్డం నిలబడింది.

“ఏంది జీ, గవి యాడికి?”

“ఐలేశానికి.”

“మనకు బువ్వ పెట్టేటియి గవే గద!”

“మనకు బువ్వనే. ఆనికి బిర్యానీ.”

“ఎదుటోని కంచం చూస్తే మన కడుపు నిండుతదా? రెండొద్దులు గా కొట్టుల కూసొని చూడరాదు, ఏం అమ్ముతున్నడో.”

“కూసుంటె ఆనికి తెల్వదా? నా ఆశ జూసి బేరం పెంచుతడు. నీకు యాపారం తెల్వదు, ఊకో.”

ఐలేశం ఒప్పుకున్నాడు. బ్లాకుల మూట, పత్రికల నమూనాల ఆల్బం తీసుకొని, కట్టిన పుస్తకాలన్నీ, పాచికల డబ్బా, బల్లలు ముందు పెట్టాడు. తను చదివి చదివి నలిగిన పుస్తకం కూడా పైన పెట్టాడు.

“ఉన్నదంత గిదే. కట్టలిప్పి లెక్క చూసుకో, భాయ్. రేపు నన్ననొద్దు.”

ఇది కాలయాపన ఎత్తు అనుకున్నాడు ఖాసిం. మనిషి మనసు మారకముందే సరుకు గడప దాటాలి.

“నీ మీద నమ్మకం లేకనా? నువ్వు కట్టిన కట్ట నేనిప్పుడా!” అని హమాలీని కేకేశాడు.

మధ్యాహ్నానికల్లా బోర్డు లేచింది: ‘ఖిల్లా ఆట ఇకమీద ఇక్కడే.’ అయిదు కొట్టేసరికి జనం రోడ్డు దాటి వచ్చారు. కాలేజీ కుర్రాళ్లు, ఆఫీసుల గుమాస్తాలు. ఖాసిం లెక్కపెట్టాడు. నలభై ఒకరు. అందరికంటే ముందు లింగస్వామి అనే గుమాస్తా ఉన్నాడు.

“రాండ్రి, రాండ్రి. ఎన్ని గావాలె?”

“ఏంటియి, సాబ్?”

“పుస్తకాలు.”

లింగస్వామి నవ్వాడు. “మేం సదివితె ఇంకేం ఆట, సాబ్? పులి ఏ అర్రల ఉన్నదో ముందుగాలనే తెలిసిపోదా? పుస్తకం కథ చెప్పెటోని తాన ఒక్కటుంటె సాలు. మాయి మేం తెచ్చుకున్నం.”

చేతిలోని నోటుబుక్కు తెరిచి చూపించాడు. అందులో పెన్సిలుతో రాసి ఉంది: ‘దొంగ. బలం ఏడు. తాడు ఉంది. ఎడమకాలికి గాయం.’ వెనకున్న వాళ్లందరి చేతుల్లోనూ అలాంటివే, ఇంటినుంచి తెచ్చుకున్న నోటుబుక్కులు.

“ఇన్నొద్దులు ఐలేశన్న చెప్పిండు. ఆయన గొంతు పోయిందంట. ఇగ నువ్వే షురూ చెయ్యాలె.” లింగస్వామి బల్లమీద కూర్చుంటూ అన్నాడు, “చాయ్ గూడ ఆయననే తాపుతుండె. నీ ఇష్టం మల్ల.”

ఎదుటి కొట్టులో ఎవరో పెళ్లివాళ్లు ఆల్బం తిరగేస్తూ గణపతి బొమ్మ ఎంచుకుంటున్నారు.

ఖాసిం నలిగిన పుస్తకం తెరిచాడు. ఏ పుస్తకం తెరిచినా అచ్చుపనివాడి కళ్లు ముందు పోయేది అట్ట వెనక చిన్నక్షరాల మీదికే. ‘మొదటి ముద్రణ. ప్రతులు: 1000.’

అతను నేలమీద చతికిలబడి కట్టలు విప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. దొంగలు, సిపాయిలు, వైద్యులు అందరూ ఓపిగ్గా కూర్చున్నారు.

చేతిలోని నలిగిన దానితో కలిపి సరిగ్గా వెయ్యి ఉన్నాయి.