మూడొందల అరవై మెట్లు

“నాగదుర్గా, నువ్వు గమ్మునుండు. ఈ పొద్దు సూరాయమ్మ చెప్తాది,” అని సంజీవమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం సెలవు దొరికిన వాళ్లంతా కువైట్‌లోని రిగ్గైలో సంజీవమ్మ గదికి చేరతారు. అందరూ కువైటీల ఇళ్లలో పనిచేసేవాళ్లే. ఎవరు ఏ దేశం చూసొచ్చారన్న దాన్నిబట్టి ఆ గదిలో కూర్చునే చోటు ఉంటుంది. హమీదా బీ తన మామాతో, అంటే ఇంటి యజమానురాలితో, పారిస్ వెళ్లొచ్చింది. కాని ఎప్పుడడిగినా అక్కడి వాషింగ్ మెషీన్‌కు మూత పైన ఉంటుందని తప్ప మరేమీ చెప్పదు. అందుకని ఆమెకు చెప్పుల దగ్గరే చోటు. నాగదుర్గ జర్మనీలో కొలోన్ అనే ఊరు వెళ్లి, ఏడొందల ఏళ్లనాటి పెద్ద చర్చి చూసొచ్చిన మనిషి. రెండేళ్లుగా గోడ పక్క పరుపు ఆమెదే.

ఇప్పుడు సూరాయమ్మ కూడా అదే ఊరు వెళ్లొచ్చింది. జహ్రాలో ఆమె పనిచేసే ఇంటి పెద్దాయనకు అక్కడ మోకాలి ఆపరేషన్ అయింది. ఇరవై రోజులుండి నిన్ననే దిగింది.

నాగదుర్గ టీ తాగకుండా గ్లాసు పక్కకు జరిపింది. ఆమె ఆ చర్చి గడప తొక్కలేదు. ఆమెకు తెలిసిన చర్చి బిస్కెట్ డబ్బా మూత మీదది. పిల్లలు బిస్కెట్లు తినేశాక ఆ డబ్బా మామా ఆమెకిచ్చింది. ఇప్పుడందులో సూదీ దారం ఉంటాయి. మూత మీద రెండు ఎత్తైన శిఖరాలు, తలుపు ముందు తెల్ల గుర్రం కట్టిన బండి. ఏ కాలంనాటి బొమ్మో.

గొప్ప కోసం మొదలుపెట్టిన అబద్ధం కాదది. ఆమె జర్మనీలో ఉన్నప్పుడే, ఈ గదికి వచ్చే మున్నీ బీ కూతురు నిలోఫర్ రాయచోటిలో జ్వరంతో పోయింది. పదకొండేళ్ల పిల్ల. రంజాన్ వెళ్లాక చూద్దామని, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ మున్నీ బీకి పాస్‌పోర్టు ఇవ్వలేదు. తిరిగొచ్చిన నాగదుర్గ, ఇదే గదిలో గోడకేసి చూస్తూ కూర్చున్న ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక, “అక్కడి పెద్ద చర్చిలో నీ బిడ్డ పేరున దీపం పెట్టేనమ్మా” అంది. ఆ రోజు మున్నీ బీ అన్నం తింది. ఆ వచ్చే శుక్రవారం, ఆ దీపం ఏ పక్క ఉందని అడిగింది. ఒక్క దీపం నిలబెట్టడానికి నాగదుర్గ వారం వారం చర్చి మొత్తం కట్టుకుంటూ రావలసి వచ్చింది. ఆ కట్టడమంతా రెప్పవేయకుండా విన్నది సూరాయమ్మే.

“తలుపు ముందర గుర్రబ్బండి ఉండాదా?” సంజీవమ్మ పరీక్ష మొదలుపెట్టింది.

“ఉంది.”

“ఏం రంగు గుర్రం?”

“తెల్లది.”

నాగదుర్గ తలెత్తి చూసింది. సూరాయమ్మ ముఖంలో వెటకారం లేదు.

“మెట్లెన్ని?”

“మూడొందల అరవై. మోకాళ్లు పట్టేసినాయి. పెద్దాయన పక్కన నాకూ ఓ మంచం వెయ్యాలేమో అనుకున్నాను.”

అందరూ నవ్వారు. ఆ మెట్ల లెక్క నాగదుర్గ ఒకానొక శుక్రవారం ఏడాదికెన్ని రోజులో గుర్తుచేసుకుని అటూ ఇటూగా చెప్పింది. లెక్కపెట్టుకుంటూ ఎక్కిన మనిషికి ఆ అంకె రాదు.

“ఫొటో ఏదీ?” అంది హమీదా బీ.

“ఫోను మామా తీసేసుకుంది. పని మీద ధ్యాస ఉండదంట.”

“మెట్లెక్కే తీరికైతే ఇచ్చింది. దొడ్డ మనిషే,” అని హమీదా బీ తన గ్లాసులోకి చూసుకుంది.

“అచ్చం నాగదుర్గ చెప్పినట్టే ఉండాదే. కోతలు కోస్తాందేమో అనుకుంటి నేను,” అంది సంజీవమ్మ. ఆ గొంతులో కొంచెం నిరాశ కూడా ఉంది.

అంతవరకూ మూలన ఖుబ్బూస్ రొట్టెలు తుంచుతున్న మున్నీ బీ చేయి ఆపింది.

“సూరాయమ్మా, మా నిలోఫర్‌ది ఇంకా వెలుగుతా ఉండాదా?”

నాగదుర్గ తన కాళ్ల వైపు చూసుకుంది.

“వెలుగుతోందక్కా,” అంది సూరాయమ్మ. “ఎడం పక్క, మూడో వరస. ఆరిపోయేలోపు అక్కడి ఫాదరు దాన్నుంచే ఇంకోటి వెలిగిస్తున్నాడు. ఒక్కతే ఉంది గదా అని పక్కన నేనూ ఒకటి పెట్టేను.”

మున్నీ బీ తల ఊపింది. “తోడుండాదిలే ఇంక,” అని పైట తల మీదికి లాక్కుని, మళ్లీ రొట్టె తుంచసాగింది. కాసేపటికి లేచి వెళ్లి సూరాయమ్మకు రెండో గ్లాసు టీ పోసింది. సంజీవమ్మ పరుపు మీద జరిగి సూరాయమ్మకు చోటిచ్చింది.

సాయంత్రం నాగదుర్గ, సూరాయమ్మ బస్సు కోసం నిలబడ్డారు. ఎండ ఇంకా తగ్గలేదు. నాగదుర్గ చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“నేను లోపలికెళ్లలేదే సూరాయమ్మా. నీకు తెలిసిపోయే ఉంటాది. ఆ మెట్లు నేను కట్టినయ్యే. ఆ గుర్రం బిస్కెట్ డబ్బా మీదది. అక్కడ అంట్లు తోముకుంటా వంటింటి కిటికీలోంచి ఆ రెండు కొనలు చూసేదాన్ని, అంతే. నువ్వు అన్నీ కళ్లారా చూసొచ్చి కూడా, నా పరువు తియ్యలేదు. మున్నీ బీ ముందు నిలబెట్టేవు.”

సూరాయమ్మ బస్సు వచ్చే వైపే చూసింది.

“నీకు కిటికీ అన్నా ఉండేదక్కా.”