చేపకళ్ళు

"మళ్ళీ వచ్చాయి విద్యా," అన్నాడు రామ్మోహన్ గరాజ్‌లోంచి.

విద్యావతి చేతిలో గరిటెతోనే వెళ్ళి చూసింది. కూతురి కంప్యూటర్ డబ్బా పాత మీగడ రంగు వదిలి ముదురు నీలంలో మెరుస్తోంది. కానీ పైపలక నిండా సన్నటి గుంటలు. రంగు పక్కకి జరిగి, గుంటల అడుగున బూడిదరంగు పూత కనిపిస్తోంది. పెయింట్ షాపువాళ్ళు వీటిని చేపకళ్ళంటారట. అవన్నీ తననే చూస్తున్నట్టనిపించింది ఆమెకి.

"నో వే డాడీ," అంది వెనకాలే వచ్చిన అపూర్వ. "చికెన్‌పాక్స్ వచ్చినట్టుంది. ఇది తీసుకుని మెల్‌బోర్న్ వెళ్ళను. అక్కడంతా నవ్వుతారు."

"రంగు లేకుండా పట్టుకెళ్ళమ్మా," అన్నాడు రామ్మోహన్.

"ఆ బేజ్ బాక్స్‌తోనా? సీరియస్‌లీ?"

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమక పడకుండా చూసే మెల్‌బోర్న్ కంపెనీలో అపూర్వకి ఉద్యోగం వచ్చింది. చేరే తేదీ ఒకసారి వెనక్కి జరిపించుకుంది. ఈ సోమవారం రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామని వాళ్ళు నిన్ననే చెప్పేశారు. డబ్బా తయారైతేగాని కారెక్కనని ఈ పిల్ల భీష్మించుకుంది.

అపూర్వ విసవిసా లోపలికి వెళ్ళిపోయింది. రామ్మోహన్ డబ్బా చుట్టూ తిరిగాడు.

"చలికనుకుని హీటర్ పెట్టాను. కారు పాలిష్ గాల్లో ఉందనుకుని ఆ డబ్బాలన్నీ బయట పెట్టాను. నీ పోపు పొగనుకుంటే వారం రోజులు చప్పిడి పప్పు తిన్నాం. అయినా వచ్చాయి. రంగు పట్టకుండా ఎక్కడో జిడ్డు తగులుతోంది విద్యా. తగులుతోందో, తగిలిస్తున్నారో."

"అంటే?"

"పిల్ల వెళ్ళడం ఇష్టంలేనివాళ్ళు ఈ ఇంట్లో ఎవరో నాకు తెలీదా? ఊరగాయ జాడీ కడుతూ ఏడ్చిందెవరు?"

"ఏడుస్తూనే కట్టాను కదండీ. పిల్లకి ఉద్యోగం వచ్చిందని ఈ గిరావీన్‌లో మనవాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పిందెవరు? నేను కాదూ? మీరేమో రాత్రి దాని గది గుమ్మం దగ్గర నిలబడి వచ్చారు. రంగు వేసేదీ మీరే, చెడిందనేదీ మీరే. నాకు మీ మీదే అనుమానం."

"నా మీదా?" రామ్మోహన్ నవ్వబోయి మానేశాడు. "నా చేతులు నేనే నరుక్కుంటానా? సరే. రేపే ఆఖరి పూత. ఆఫీసు నుంచి రాగానే గుడ్డతో తుడిచి రంగు కొట్టేస్తాను. ఈలోగా ఎవరూ గరాజ్‌లోకి రాకండి."

మర్నాడు ఆయన పొద్దున్నే డబ్బాని గరుకు కాగితంతో రుద్ది, తుడిచే గుడ్డ మడిచి పక్కన పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. ఆ గుడ్డ ఆయన పాత పంచె ముక్క. సబ్బు జిడ్డు మిగలకూడదని విద్యావతే వేణ్ణీళ్ళలో జాడించి ఆరేసింది.

మధ్యాహ్నం దాటాక ఆమె గరాజ్‌లోకి వెళ్ళి రెండో ఫ్రిజ్ వెనక స్టూలేసుకుని కూర్చుంది. ఈయన తొందరగా వస్తాడని ఆమె నమ్మకం. వచ్చి, తన కళ్ళముందే దొరికిపోతాడు. అప్పుడు చెప్తుంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. శాలువా బిగించి కప్పుకుంది.

తలుపు చప్పుడైంది.

వచ్చింది ఆయన కాదు. అపూర్వ. చేతిలో కొబ్బరినూనె సీసా. సిడ్నీ చలికి నూనె పేరుకుపోయింది, కాసేపు రెండు చేతుల మధ్యా పెట్టుకుని రుద్దింది. మూత తీసి వేలితో కాస్త తోడి, పంచె ముక్క మడత విప్పి లోపల పూసింది. మళ్ళీ ఎప్పటిలాగే మడిచింది. సీసా హీటర్ వెనక దాచింది.

విద్యావతికి కోపం వచ్చింది. లేచి చెంప ఛెళ్ళుమనిపిద్దామనుకుంది. అంతలో పిల్ల డబ్బా పక్కన నేలమీద చతికిలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుంది.

"ఐ కాంట్," అంది ఎవరితోనో చెప్తున్నట్టు. "వెళ్ళలేను. వీళ్ళకెలా చెప్పను? అందరికీ చెప్పేసింది అమ్మ."

ముక్కు తుడుచుకుని, ముఖం సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

విద్యావతి మెల్లిగా బయటికి వచ్చింది. గుడ్డ తీసి వాసన చూసింది. ఉతికిన గుడ్డలు వంటింటి అరలో ఇంకా ఉన్నాయి, మార్చడం ఎంతసేపు. వీధిలో ఆయన కారు మలుపు తిరిగిన చప్పుడైంది. రాగానే ఈ గుడ్డతోనే తుడుస్తాడు, మళ్ళీ మళ్ళీ తుడుస్తాడు.

ఆమె గుడ్డ మడత విప్పి, పిల్ల రాసింది చాలదేమోనని హీటర్ వెనక సీసాలోంచి ఇంకాస్త నూనె తోడి దట్టంగా పూసింది.