విప్పిన మోటారు

"ఆ మిగిలిన సగం మాత్ర కూడా ఇచ్చెయ్యమ్మా. కాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది."

"నిన్నా ఇదే మాటన్నావు నాన్నా." కూతురు మాత్రల డబ్బా మూత బిగించింది. "కాళ్ళ బాధకని ఇన్నేళ్ళు వాడిన ఆ మందే ఇప్పుడు కాళ్ళను రెచ్చగొడుతోందని డాక్టరు చెప్పలేదూ? కొంచెం కొంచెంగా మానాలి. కాసేపు కదలకుండా కూర్చో."

"కూర్చుంటేనే కదా ఈ బాధంతా! మూడు రోజులుగా కునుకు లేదు. నీకేం తెలుసు?"

ముసలి దర్జీ విసురుగా లేచి కుట్టుమిషను దగ్గరికి వెళ్ళాడు. స్క్రూడ్రైవరు అందుకుని, కిందటేడు కూతురు బిగించి ఇచ్చిన మోటారును విప్పసాగాడు.

ఆమె మనసు చివుక్కుమంది. "నీ కాళ్ళకి విశ్రాంతిగా ఉంటుందని ముచ్చటపడి కొన్నాను. నా మీది కోపం దాని మీద చూపిస్తావా?"

ఆయన మోటారును పక్కన పెట్టాడు. పాత తోలు బెల్టును చక్రానికి తగిలించి, కళ్ళు మూసుకుని తొక్కడం మొదలుపెట్టాడు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. పొద్దుటినుంచి బిగుసుకుని ఉన్న ఆయన దవడ మెల్లగా వదులైంది.

ఆమె అప్పుడు చూసింది. సూదిలో దారం లేదు. సూది కింద గుడ్డ కూడా లేదు.

మాత్రల డబ్బాను అలమరలో పెట్టేసి, కుట్లు ఊడిన దిండు గలీబు ఒకటి తెచ్చింది.

"ఒక్క క్షణం ఆగు," అని సూదిలో దారం ఎక్కించింది. "ఇంకా ఆరు వారాలు ఓర్చుకోవాలి నాన్నా."

"అయితే ఇదొక్కటే చాలదు," అన్నాడాయన, మళ్ళీ తొక్కుతూ. "పక్కింటివాళ్ళవి కూడా అడిగి పట్రా."