నిప్పుల సార్

“చెప్పులేసుకుని నడవకూడదటా?” అన్నాడు ఫోన్లో భర్త.

“వేళాకోళాలు వద్దు. సాయంత్రం నిజంగానే నడవాలట.”

“నూనె చుక్క చిట్లితేనే ఇల్లెగిరిపోయేలా అరుస్తావు. నువ్వు నిప్పుల మీద ఏం నడుస్తావే? నావల్ల కాదని చెప్పెయ్.”

అలా చెప్పడానికి వీల్లేదు. ఫోన్లో బీమా పాలసీలు అమ్మే కంపెనీలో ఆమెది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. పర్మనెంట్ చేయాలనుకున్న వాళ్లందరినీ ఊరి బయట ఈ రిసార్టుకి తీసుకొచ్చారు. పొద్దుట్నుంచీ ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసాలు. సాయంత్రం నిప్పుల నడక.

“బలవంతం ఏమీ లేదు,” అన్నాడు మేనేజర్ బస్సు దిగుతూనే. “కాకపోతే నడవనివాళ్లెవరో నాకు గుర్తుంటుంది.”

ఆమె ఫోన్ బ్యాగులో పడేసి అందరి వెనకాలే నడిచింది.

స్విమ్మింగ్ పూల్ అవతల పచ్చిక చెక్కేసి, పాత చెక్కపెట్టెలు కాల్చిన నిప్పులు బాటలా పరిచారు. ఇద్దరు పనివాళ్లు ముఖాలు పక్కకి తిప్పుకుని పారలతో చదును చేస్తున్నారు. ఆ సెగలోంచి చూస్తే ఎదుటివాళ్ల ముఖాలు వంకరలు పోతున్నాయి.

ఉపన్యాసకుడు వచ్చాడు. అందరూ ఆయన్ని నిప్పుల సార్ అంటారు. ఆ పేరంటే ఆయనకీ ఇష్టమే. బూట్లూ మేజోళ్లూ విప్పి భార్య చేతికిచ్చాడు. ప్యాంటు పైకి మడిచాడు.

“నొప్పి కాళ్లలో ఉండదు. ఇక్కడుంటుంది,” అని కణత మీద వేలితో తట్టి, నిప్పుల మీదికి అడుగేశాడు.

తిన్నది అరగడానికి వాహ్యాళికి బయల్దేరినట్టు నడిచాడు. సగంలో ఆగాడు. మేనేజర్ వైపు తిరిగి, “కాస్త ఏసీ పెంచుతారా?” అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆయన ముఖంలో ఒక్క నరం కూడా కదల్లేదు. తాపీగా చివరికంటా వెళ్లాడు.

నవ్వనిది సార్ భార్య ఒక్కతే. ఆయన నిప్పులు దాటేంతసేపూ ఆవిడ చూపు ఆయన పాదాల మీదే ఉంది. దాటగానే మోకాళ్ల మీద కూలబడి, తడిగుడ్డతో తుడిచి, గబగబా మేజోళ్లు తొడిగింది. ఇన్నేళ్లయినా భర్తంటే ఎంత భక్తో అనుకుంది ఆమె.

ఇక వీళ్ల వంతు వచ్చింది. టీములో అందరూ పొడుగన్న అని పిలిచే అతను నాలుగంగల్లో దాటేశాడు. అతని వెనక వెళ్లిన అమ్మాయి కళ్లు మూసుకుని, కెవ్వుమంటూ పరుగెత్తింది. దాటినవాళ్లు దాటినట్టే గెంతుతూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు.

అందరూ పరుగెత్తారు. సార్ ఒక్కడే నడిచాడు. పరుగెత్తితే నమ్మకం లేనట్టే కదా అనుకుంది ఆమె.

“కానియ్,” అన్నాడు మేనేజర్ ఫోన్ కెమెరా ఆమె వైపు తిప్పి.

మొదటి అడుగు వెచ్చగా తగిలింది, అంతే. ఆశ్చర్యపోయింది. రెండో అడుగూ ఓర్చుకోగలిగింది. సార్ లాగే తాపీగా నడిచింది. సార్ లాగే సగంలో ఆగింది.

అరికాలి మంట ఒక్కసారిగా నడినెత్తికెక్కింది. మిగతా సగం ఎలా దాటిందో ఆమెకే తెలియదు. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో రెక్క పట్టుకుని తీసుకెళ్లి పూల్ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. చూస్తుండగానే రెండు పాదాలూ బొబ్బలెక్కాయి.

నిప్పుల సార్ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

“నిజం చెప్పమ్మా. మధ్యలో అనుమానం వచ్చిందా?”

ఆలోచించింది. “వచ్చింది సార్.”

“నిన్ను కాల్చింది అదే. నిప్పు కాదు.”

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. కాళ్ల మంట కన్నా ఆ తలలు ఊగడమే ఎక్కువ బాధ పెట్టింది ఆమెను.

అందరూ టీకి వెళ్లాక సార్ భార్య మందు ట్యూబు పట్టుకొచ్చి, కింద కూర్చుని ఆమె పాదాలకి రాయడం మొదలుపెట్టింది.

“మండుతోందా?”

“తట్టుకోలేకపోతున్నానండీ.”

“మంచిదమ్మా,” అందావిడ తలెత్తకుండా.

దెప్పుతోందనుకుని ఆమె కళ్లు దించుకుంది.

ఆవిడ అటు వెళ్లగానే మేనేజర్ వచ్చాడు. “పర్మనెంట్ లిస్టులో నీ పేరు రాసిచ్చింది నేనే. ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను? రేపు పొద్దున్న రెండో బ్యాచ్ నడుస్తుంది. సార్ గదికెళ్లి అడుగు. వాళ్లతో ఇంకోసారి నడవనిస్తే సరి. లేకపోతే నన్నేం అనొద్దు.”

“ఈ కాళ్లతోనా?”

“నొప్పి కాళ్లలో ఉండదని ఆయన ఇందాక చెప్పాడుగా.”

బ్యాగులో ఫోన్ మోగింది. మొగుడే అయ్యుంటాడు. ఏమని చెప్పాలో తోచక తీయలేదు.

మడమల మీద బరువు వేసి, గోడ పట్టుకుని వరండా వెంట నడిచింది. చెప్పాల్సిన మాటలు లోలోపలే కూడబలుక్కుంటోంది. నా నమ్మకమే చాల్లేదు సార్. తప్పు నాదే. ఇంకొక్క అవకాశం ఇవ్వండి సార్.

సార్ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. కొట్టబోయి, సందులోంచి లోపలికి చూసి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపేసింది.

మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూసుకుంటున్న నిప్పుల సార్ అరికాల్లో, బొబ్బల మధ్య దిగబడిన మేకును ఆయన భార్య పట్టకారుతో లాగి పక్కన పడేసి, ధార కట్టిన నెత్తురును గుడ్డతో అదిమి పట్టుకుని ఉంటే, ఆయన వెనక్కి తిరక్కుండానే, “షుగరుతో మొద్దుబారిన కాళ్లేగా, ఎందుకే అంత భయం, ఇంకా లాగడం మొదలుపెట్టలేదా?” అన్నాడు.