రేకు పైన ఖాళీ

“అక్కా అక్కా అని వెనక తిరిగినందుకు బాగానే గొంతు కోశావు!” సీనియర్ మీద అరుస్తూ జూనియర్ కాగితాలను ప్రొఫెసర్ బల్ల మీద విసిరికొట్టాడు. “మీరే చూడండి సార్, నా లెక్కని ఎలా ఎత్తేసిందో!”

ఇద్దరి కాగితాల మీదా ఒకే అంకె. ఒక్క పరమాణువు మందం ఉన్న రేకును కంప్యూటర్‌లో 4.38 శాతం సాగదీస్తే, అంతవరకూ కరెంటును పారనివ్వని రేకు పారనిస్తుంది. ఆ అంకె ఎవరిదని తేలితే థీసిస్ వాళ్లది. రెండోవాళ్లు దొంగ.

“వాడి ఫైలు తేదీ నీకంటే ముందుందమ్మా,” అన్నాడు ప్రొఫెసర్ బాధగా. “నిన్ను కూతురిలా చూసుకున్నాను. రేపట్నుంచి ల్యాబ్‌కి రాకు. గొడవ బయటికి పొక్కకుండా నేను చూసుకుంటాను.”

సీనియర్ తలెత్తింది. “వెళ్తాను సార్. వాణ్ణి ఒక్క మాట అడగనివ్వండి. తమ్ముడూ, రేకు పైన ఖాళీ ఎంత వదిలావు?”

“ఇదో ప్రశ్నా? అందరూ వదిలేదే. ఇరవై ఆంగ్‌స్ట్రాములు.”

మిల్లీమీటరులో కోటో వంతుల లెక్కన కొలిచే ఆ ఖాళీ ఎందుకో ముగ్గురికీ తెలుసు. ఒక రేకును ఇస్తే, కంప్యూటర్ దాని పైనా కిందా అదే రేకును అంతులేకుండా పేర్చుకుంటూ పోతుంది. మధ్యలో చాలినంత ఖాళీ లేకపోతే రేకుకు తన నకలే తగులుకుని లెక్క చెడుతుంది.

“అయితే ఇరవై పెట్టి ఇక్కడే నడుపు. చిన్న లెక్కేగా!”

అతను ధీమాగా కీబోర్డు లాక్కున్నాడు. 4.38 దగ్గర కరెంటు పారలేదు. మళ్లీ నడిపాడు. పారలేదు. మెడ మీద చెమట పట్టింది.

ఆమె వంగి ఇరవైని ఎనిమిది చేసింది. ఈసారి పారింది.

“అది తప్పు లెక్క తమ్ముడూ. నేను కావాలని చేసిన తప్పు. నా పని ఎవరో బయటికి మోస్తున్నారని అనుమానమొచ్చి ఎర వేశాను. ఫైలు తేదీ వెనక్కి మార్చుకున్నావు సరే, నీకేమైనా కలొచ్చిందా, సరిగ్గా నా తప్పే చేశావు?”

ప్రొఫెసర్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. “దొంగవెధవా! ఎక్కడ కొట్టేశావురా? పైగా ఆ పిల్ల మీద నిందా? ఫో బయటికి!”

“వాణ్ణెందుకు తిడతారు సార్?” ఆమె ఆయన వైపు తిరిగింది. “ఆ లెక్క ఇంకెవరికీ చూపించలేదు. పెన్‌డ్రైవ్‌లో పెట్టి మీ ఒక్కరి చేతికే ఇచ్చాను. మీరు కాదని తేలిపోతే చాలు, ఇంకెవరైనా ఫర్వాలేదనుకున్నాను.”

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి, మచ్చ లేని అద్దాలను తుడవసాగాడు.

జూనియర్ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “ఇప్పుడెలా మావయ్యా?”